మన యూరి చేలును చెరువులును

గడచిన జూలై మాసములో తొమ్మిదవ తరగతి విద్యార్థులకు మేమొక పని యొసగితిమి. ప్రతి విద్యార్థియు తన యూరి పటమును రెండు మారులు గీయవలయును. మొదటిది నేడు కంటికి గనబడునట్లు; రెండవది ఇంటిలోని తాతగారో మామ్మగారో తమ చిన్ననాటి యూరిని జ్ఞప్తికి దెచ్చుకొని చెప్పినట్లు. వరిచేలకు ఆకుపచ్చ, నీటికి నీలము, బాటలకు ఎఱుపు, చెట్లకు నల్లని చుక్కలు. భూగోళమును స్వగ్రామమునుండియే యారంభింపవలెనని శిక్షణ కళాశాలలో మాకు బోధించిన గురువులు పలుమారు చెప్పుచుండెడివారు. ఇరువది యేండ్లు పాఠములు చెప్పిన పిమ్మటగాని ఆ మాటలోని బరువు మాకు దెలియలేదు.

వారము తిరుగకమునుపే ఒక బాలుడు మా బల్లయొద్దకు వచ్చి, "నీలం పెన్సిలు అరిగిపోయిందండి మాష్టారూ, ఇంకోటి కొనుక్కోమంటారా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. సాయంకాలము పటములన్నియు వరండాలో వరుసగా పఱచి చూచినప్పుడు మాత్రము ఆ నవ్వు నిలువలేదు. తాతలు చెప్పిన పటములు ఆకుపచ్చగా నున్నవి. మనుమలు చూచిన పటములు నీలముగా నున్నవి. మొదటి వానిలో ఎఱ్ఱగీతలు సాలెగూటివలె నల్లుకొని యుండగా, రెండవ వానిలో రెండో మూడో మాత్రమే మిగిలినవి. నల్లచుక్కలను లెక్కించుట మానితిమి. ఒక బాలిక పటములో నీలపు గడులనడుమ ఒకే యొక ఆకుపచ్చ గడి యుండెను. ఇదేమమ్మా అని యడుగగా, "అది మా చేనండి" అని చెప్పి ఊరకుండెను.

ఈ సంచికను చదువు తల్లిదండ్రులలో చేపల చెరువులు గలవారు గలరు, రొయ్యల చెరువులు గలవారు గలరు, చేలు గలవారు గలరు. ఏ భూమియు లేక రెక్కలమీద బ్రతుకువారు అందఱికంటె ఎక్కువగా గలరు. మా పాఠశాల ప్రహరీకి ఇటుక నిచ్చినవారిలో చెరువుల యజమానులు నున్నారన్న మాట మేము మఱచిపోలేదు. అయినను పిల్లలు గీసి చూపిన దానిని పెద్దలకు చెప్పక దాచుట ఉపాధ్యాయునకు తగదు గావున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట ఒక సంగతి ఒప్పుకొనవలయును. గోదావరి ముఖద్వారమందలి మన నేల పుట్టుకతోడనే వరిచేను కాదు. నందన నామ సంవత్సరపు కరువు, అనగా 1832–33 నాటి కరువు, ఈ తీరపు జిల్లాలను పీడించినప్పుడు నది నిండుగా సముద్రమునకు పోవుచునే యుండెను. ఒడ్డుమీది పైరు మాత్రము ఎండిపోవుచుండెను. ఒక యేడు వరద, మఱియొక యేడు క్షామము. ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని యారంభించి 1852 నాటికి ముగించిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆ కట్ట నది పాయలకు అడ్డముగా నిలిచెను. కూలివారిని సమకూర్చి పని సాగించుటలో వీణెం వీరన్నగారు ఆయనకు కుడిభుజమై యుండిరి. విజ్జేశ్వరమునుండి బయలుదేఱిన కాలువలు ఒక ప్రక్క ఏలూరు వఱకును, మఱియొక ప్రక్క నరసాపురము వఱకును సాగినవి. మనము తరతరాలుగా ఉన్నదనుకొను ఈ పచ్చదనమునకు నిండ రెండువందల యేండ్లు లేవు. కావున భూమి మాఱరాదని వాదించువారు ఎవరైనను ఉన్నచో వారు తమ యూరి చరిత్ర నెఱుగనివారే.

అట్లయినచో నేటి మార్పును గూర్చి మాకు గల యభ్యంతర మేమి? అది యొక్కటే. నాటి మార్పు అందఱు కలసి పడవలసిన మార్పు; నేటి మార్పు ఒక్కొక్కరు విడివిడిగా చేయుచుండగా ప్రక్కవాడు పడుచున్న మార్పు.

ఈ మాట కొంచెము విప్పి చెప్పవలసి యున్నది. కాలువ నీరు ఒకరి చేనికి మాత్రమే రాదు. కాలువనుండి పిల్లకాలువ, పిల్లకాలువనుండి బోదె, బోదెనుండి పై చేను, పై చేనినుండి క్రింది చేను. ఎగువవాడు నీరు కట్టుకొన్న తరువాత దిగువవానికి విడువవలయును. వంతులు తప్పినచో తగవులు వచ్చెడివి. గొడ్డళ్లు లేచిన రాత్రులును లేకపోలేదు. కాని ఆ తగవులే ఊరిని ఒక్కటిగా కట్టి యుంచినవి. సార్వాకు ఆకుమళ్లు ఎప్పుడు పోయవలెను, ఊడ్పులు ఎప్పుడు మొదలు పెట్టవలెను, దాళ్వాకు నీరు ఎందాక వచ్చును అన్న ప్రశ్నలకు ఏ రైతును ఒంటరిగా జవాబు చెప్పుకొనజాలడు. మురుగు నీరు పోవు త్రోవయు అంతే. నేల వాలు చూపునకు అందనంత స్వల్పమగుటచేత, ఎవడో ఒకడు మురుగుకాలువను అర గజము ఆక్రమించిన, రెండు ఊళ్ల అవతల చేలు మునుగును. కాలువ త్రవ్విన చేతులకు భూమి దక్కలేదన్నది నిజమే. అది మఱియొక వ్యాసమునకు తగిన దుఃఖము. అయినను ఆ చేతులకు ఊడ్పులు, కలుపు, కోతలు, కుప్పనూర్పులు అని యేటికి ఇన్ని నెలల పని అన్న నమ్మకమైనను ఉండెను.

ఈ ఏర్పాటునుండియే మన ప్రాంతపు రూపము పుట్టినది. రైలులో పోవు పరదేశి కిటికీనుండి చూచి "చదునైన నేల, ఏమియు లేదు" అనుకొనును. మనకట్లు కాదు. జూన్ జూలైలలో దమ్ము చేసిన చేలలో ఆకాశము కనబడును. శ్రావణ భాద్రపదములలో ఒక పచ్చ, కార్తికములో మఱియొక పచ్చ, మార్గశిరములో పసుపు. కోసిన చేలలో పిల్లిపెసర గాని మినుము గాని లేచును. లేనిచోట బాతులవారు మందలను దింపి రాలిన గింజలను మేపుకొందురు. గట్లమీద తాళ్లు, ఆ తాటిమట్టలకు గిజిగాని గూళ్లు. చేలనడుమ పుంతలు, ఆ పుంతలవెంబడి బళ్లు, పశువులు, బడికి వచ్చు పిల్లలు. కొంచెము మెరకగా నున్న దిబ్బమీద ఊరు. ఊరిచివర మంచినీళ్ల చెరువు. వేసవిలో కాలువలు కట్టివేయుటకు మునుపు దానిని నింపుకొని, మరల నీరు వచ్చు వఱకు ఊరంతయు ఆ నీటినే త్రాగెడిది. అందులో గొడ్లు దిగకుండ, ఎవరును బట్టలు ఉతుకకుండ కావలి యుండెడిది.

చెరువు అన్న మాటకు అర్థము అదియే. అది ఊరిది. ఊరివారందఱిది. నేడు మా విద్యార్థిని చెరువన నేమి అని యడిగిన, "కంచె ఉంటుందండి, లోపలికి వెళ్లనివ్వరండి" అని చెప్పుచున్నాడు. మాట మాఱలేదు, దాని యజమాని మాఱెను.

చేపల చెరువులు మొదట కొల్లేటి ప్రక్కలనే లేచినవి. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నున్న ఆ సరస్సు బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగుల వరదను మ్రింగి, ఉప్పుటేరుగుండ మెల్లమెల్లగా సముద్రమునకు విడుచును. వేసవిలో నీరు తగ్గినప్పుడు లంకల ప్రజలు దాని గర్భమున వరి పండించెడివారు. 1970ల దశకములో అచ్చట చేపలు పెంచుకొనుటకు ప్రభుత్వమే సహకార సంఘములను ప్రోత్సహించెను. పేద మత్స్యకారులకు మేలు చేయవలెనన్న ఉద్దేశము మంచిదే. బొచ్చె, శీలావతి చేపలు మంచు పెట్టెలలో కలకత్తాకును అస్సామునకును పోయి డబ్బు తెచ్చుచుండగా, గట్లు పేదవారి చేతులనుండి పెట్టుబడిదారుల చేతులలోనికి జాఱిపోయినవి. 1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్సర్ ఒడంబడిక జాబితాలో చేర్చిరి. 2006లో యంత్రములతోను మందుగుండుతోను గట్లను పగులగొట్టిరి. అప్పుడు కూలిన గట్లలో కొన్ని మరల లేచినవి. ఒకసారి ఒక్కొక్కరిది అయిపోయిన నీటిని మరల అందఱిది చేయుట ఎంత కష్టమో తెలియగోరువారు కొల్లేటిని చూచిన చాలును.

కొల్లేటిలో నేర్చిన విద్య తరువాత మంచి చేలలోనికి వచ్చెను. సముద్రపు ఒడ్డున రొయ్యల వ్యవసాయము 1990 తరువాత ఉద్ధృతమై, 1994–95లో తెల్లమచ్చ తెగులుచేత ఎందఱినో అప్పులపాలు చేసెను. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబరులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. 2005లో పార్లమెంటు వేఱొక చట్టము చేసి, తీరప్రాంతమునకు అనుమతుల పద్ధతి నేర్పఱచెను. 2009 మొదలుకొని వనామి అను విదేశపు రొయ్యకు మన దేశమున అనుమతి కలిగినది. ఆ రొయ్య తక్కువ ఉప్పులోను బ్రతుకును. అదియే మా ప్రాంతమునకు వచ్చిన చిక్కు. సముద్రము కనబడని ఊళ్లలోను ఉప్పునీటి బోరులు వేసి, ఆ నీటిని కాలువ నీటితో కలిపి చెరువులు నింపుచున్నారు. చేనికి ఇంతకాలము పగవాడైన ఉప్పును మనమే పాతాళమునుండి పైకి తోడుకొనుచున్నామన్న మాట.

ఆ బాలిక తండ్రి ఒకనాడు సంతకము నిమిత్తము పాఠశాలకు రాగా ఆకుపచ్చ గడిని గూర్చి యడిగితిమి. రెండెకరములు, తాతల నాటిది. తూర్పున చేపల చెరువు, దక్షిణమునను పడమటను రొయ్యల చెరువులు. గట్టు ప్రక్క నాలుగు వరుసల కుదుళ్లు మొదట పండుబాఱినవట. మఱుసటి యేట పది వరుసలు. బోదె పూడిపోయినది, పైవారికి దానితో పని లేదు గావున ఎవరును తీయరు. వానకు నిలిచిన నీరు పోవుటకు త్రోవ లేదు. వరికోత యంత్రము చేనిలోనికి దింపుటకు పుంత లేదు. అది ఒక చెరువు గట్టులో కలిసిపోయినది. ఊడ్పులకు ఆడకూలీలు దొరకరు. వారు తెల్లవారుజామున ఆటోలెక్కి రొయ్యల ఫ్యాక్టరీలకు తలలు వలుచుటకు పోవుచున్నారు. ఇవన్నియు చెప్పి, కోపము లేని గొంతుతో ఆయన యిట్లనెను: "చుట్టూ చెరువులైపోయాక నా ఒక్కడి చేను చేనెలా అవుద్దండీ మాష్టారూ? కౌలుకి ఇచ్చేయమంటన్నారు. ఇచ్చేస్తే తప్పంటారా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. తప్పని యెట్లు చెప్పగలము? 2011లో కోనసీమ రైతులు సార్వా పంటకు సెలవు ప్రకటించి చేలను బీడు పెట్టినప్పుడు దేశమంతయు విస్తుపోయెను. గిట్టుబాటు లేదు, మురుగు కాలువలు పూడినవి అని వారు చెప్పిన కారణములు అసత్యములు కావు. వరి రైతునకు ఏడాది యంతయు తుపానుల భయము, చేతికి వచ్చునది కొంచెము. చెరువునకు కౌలు ముందుగానే చేతిలో పడును. ఆ డబ్బుతో కూతురి పెండ్లి, కుమారుని ఇంజనీరింగు చదువు. రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేయు తల్లి తన స్వంత జీతముతో మా పాఠశాలకు ఫీజు కట్టుచున్నది. ఊడ్పుల కాలములో ఆమె చేతికి అంత రొక్కము నిలుకడగా వచ్చెడిది కాదు. పచ్చని చేలు కన్నుల కింపుగా నుండుననుచు ఆమెను మరల బురదలోనికి పొమ్మనుటకు మాకు నోరు రాదు. ఊళ్లోని సొగసును మెచ్చుకొనువారిలో నడుము వంచి నాటినవారు ఎందఱు?

అయితే ఆ తండ్రి తన యిష్టముచేత చేనును వదలుకొనుట లేదన్న సంగతి గమనింపవలయును. ఆయన ఇష్టమును ప్రక్కవారి గట్లు నిర్ణయించినవి. నా భూమి, నా యిష్టము అను మాట వినుటకు న్యాయముగనే యుండును. కాని ఊట గట్టును దాటును. ఉప్పు సరిహద్దురాయిని చదువదు. మొదటి చెరువు త్రవ్వినవాడు లాభముకొఱకు త్రవ్వెను; పదియవవాడు వేఱు గతి లేక త్రవ్వుచున్నాడు. ఈ పదియవవాని త్రవ్వకమును కూడ ఇష్టపూర్వకమైన మార్పుగా లెక్కవేసి, రైతులందఱు చెరువులే కోరుచున్నారని చెప్పుట మాకు సరిగా దోచదు.

తిరిగి రాలేని పనిని తొందరపడి చేయరాదన్న మాటయు ఇచ్చట చెప్పవలసి యున్నది. వరి మాని చెఱకు వేసినవాడు మరల వరి వేయవచ్చును. చెరువు త్రవ్వినప్పుడు వండ్రు పేరిన పై మట్టిని యంత్రముతో గీచి గట్టుగా పోయుదురు. ఆ నల్లమట్టి నది ఎన్ని వందల యేండ్లు మోసికొని వచ్చి పఱచినదో! త్రవ్వుటకు కొన్ని దినములు చాలును. పూడ్చుటకు డబ్బు పెట్టువా డెవడు? అమెరికా దేశము 2025 ఆగస్టులో మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు రొయ్యల ధర ఎట్లు క్రుంగెనో ఆ వ్యాపారము చేయువారికే ఎక్కువ తెలియును. వరిధర పడిన రైతు తన గింజలు తాను తినును. రొయ్యధర పడినవాడు ఆ నేలను ఏమి చేసికొనును?

మా యభిప్రాయము ఇది. చౌడుబాఱిన సముద్రతీరపు నేలలు, ఏ పైరును నిలువని లోతట్టు పల్లములు చెరువులకు తగినవి. వానిలో చట్టము ననుసరించి త్రవ్వుకొనువారిని తప్పు పట్టువారము కాము. కాలువ క్రింద రెండు పంటలు పండు నేలకు మాత్రము గ్రామసభలో మాటాడకుండ, ప్రక్క చేలవారి సమ్మతి లేకుండ, కాగితముమీది అనుమతి ఒక్కటే చాలదు. గట్టునకును ప్రక్క చేనికిని నడుమ ఊటబోదె విడువనివాడు ప్రక్కవానికి నష్టపరిహారము చెల్లింపవలయును. చెరువు నీరు మురుగుకాలువలోనికే గాని, మంచినీళ్ల చెరువు నింపు కాలువలోనికి ఎన్నడును పోరాదు. ఉప్పునీటి బోరులను మంచి చేలనడుమ వేయనీయరాదు. పుంతలు, బోదెలు, గట్లమీది తాళ్లు ఎవరి స్వంతమును కావు. గ్రామపటములో అవి యుండవలసిన చోట్లు స్పష్టముగా నున్నవి. ఆ పటమును పంచాయతీ కార్యాలయపు గోడమీద అందఱికి గనబడునట్లు అంటించినచో సగము ఆక్రమణలు సిగ్గుచేతనే ఆగును. ఇంకొక మాట: రెండెకరముల రైతు చేనును చేనుగా నిలుపుట ఊరికి మేలైనచో, ఆ మేలునకు వెల కూడ ఊరును ప్రభుత్వమును భరింపవలయును. వాని బోదె పూడిక తీయుటకైనను పది మంది రానప్పుడు వానికి మనము హితము చెప్పరాదు.

ఈ మాటలు కొందఱకు రుచింపవని ఎఱుగుదుము. ఒక పెద్దమనిషి పటములను చూచి, "పిల్లలకు చదువు చెప్పక ఈ చెరువుల గొడవ మీకెందుకండీ?" అని నవ్వుచు అడిగిరి. ఊరి నీరు ఎచ్చటనుండి వచ్చి ఎచ్చటికి పోవుచున్నదో తెలియుట చదువు కాదేని భూగోళము మఱేమి నేర్పునో మేము ఎఱుగము. అయినను ఆయన తమ చెరువుల ప్రక్కన ఊటబోదె త్రవ్వించెదనని మాట ఇచ్చిరి. వేసవిలో మా విద్యార్థులు పోయి చూచి రాగలరు. కొలతకఱ్ఱ మేమే ఇత్తుము.

పటములు ఇంకను వరండాలోనే యున్నవి. తల్లిదండ్రులు వార్షికోత్సవమునకు వచ్చినప్పుడు దయచేసి చూడగోరుచున్నాము. తాతలు చెప్పిన పటములలో తప్పులు ఉండవచ్చును. ఒక మామ్మగారు తమ తాడిచెట్టును కాలువకు ఆవలి గట్టున గీయించిరని మఱియొకరు వచ్చి దిద్దించి పోయిరి. అట్టి దిద్దుబాట్లు ఎన్ని వచ్చిన అంత సంతోషము.

ఆ బాలిక తండ్రి ఈ వ్యాసము అచ్చునకు పోవునాటికి కౌలు మాట ఇయ్యలేదు, కాదనను లేదు. దాళ్వా కోతల తరువాత చూతమనుచున్నాడట. ఆయన కుమారుడు జూన్ మాసములో తొమ్మిదవ తరగతికి వచ్చును. వానికిని రెండు పటముల పని యొసగుదుము. రెండవదానిని ఎవరిని అడిగి గీయవలెనో వాడు వెదకికొన నక్కఱలేదు; వాని యక్క పటము ఇచ్చటనే యుండును.